మూడుసార్లు పిలవాలి

కార్తీక శుద్ధ షష్ఠి
తొమ్మిదో గట్టు, పదిహేడో ఇల్లు

ఈ ఏడాది చూపరి చిట్టా నన్ను రాయమన్నారు. గట్టు మీద పదో తరగతి పూర్తిచేసిన ఆడవాళ్ళం ముగ్గురమే ఉన్నాం. ఒకామెకి చెయ్యి వణుకుతుంది. ఇంకొకామెకి కోపం ఎక్కువ. నేను నెమ్మదస్తురాలినని, నా అక్షరం గుండ్రంగా ఉంటుందని పుస్తకం నా చేతికిచ్చారు. బడిపిల్లల పోటీ తెర మీద వచ్చిన ప్రతిసారీ హాల్లో కూర్చుని చూడాలి. ఎవరేం అడిగారో, ఎవరేం చెప్పారో రాసి పరిషత్తుకి పంపాలి. పంపినవి చదువుతారో లేదో తెలియదు. నిరుడు రాసినావిడ మధ్యలో రెండు పేజీలు చారు పెట్టే పద్ధతి రాసి పంపిందట. సక్రమంగా ఉన్నదని ముద్ర వేసి వచ్చింది.

పొద్దున్నే కరెంటు పుట్టించే ఎండ పలకలు తుడవడానికి వెళ్ళాం. తెల్లారేసరికి వాటి మీద ఉప్పు పొరలా పేరుకుంటుంది. వాటికి మంచినీళ్ళు ఖర్చుచెయ్యకూడదు కనుక పొడిగుడ్డతోనే తుడవాలి. ఏళ్ళ తరబడి తుడిస్తే వేళ్ళ చివర గీతలు పోతాయి. నావి పోయాయి. తరళ కూడా నాతో వచ్చింది. పక్కింటి నాగరత్నం కూతురు. పదిహేనేళ్ళది. ఏకాదశినాడు మెట్టలో ఆఖరి పోటీ. గట్లన్నిటి పిల్లలనూ దాటుకుని అంతదాకా వెళ్ళింది. గెలిస్తే మెట్ట మీద పైబడిలో చేర్చుకుంటారు. ఏడాదికి గట్టుపిల్లలకి ఒక్క చోటే. ఓడితే ఆ మర్నాటి నుంచే గుడ్డ పట్టుకుని మాతో రావాలి, ఇక అంతే.

నేను పుస్తకం చూసి ప్రశ్నలు అడుగుతుంటే తను తుడుస్తూనే జవాబులు చెబుతోంది.

"దీపం లేని ఇంటిని కావలి మనిషి ఎన్నిసార్లు పిలవాలి?"

"మూడుసార్లు. మూడోసారికీ పలక్కపోతే ఖాళీ అని రాయాలి. వరసగా మూడు సాయంత్రాలు ఖాళీ అని రాస్తే ఇల్లు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"మైల ఉంటే?"

"పోయినవాళ్ళ పేరు పరిషత్తు పట్టికలో ఉంటే పది రోజులు దీపం పెట్టక్కర్లేదు. పేరు లేకపోతే మైల లేదు." ఒక పలక పూర్తిచేసి నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, పట్టికలో పేరు లేకుండా ఎవరైనా పోతారా?"

నేను పేజీ తిప్పాను.

సాయంత్రం గడపలో దీపం పెట్టాను. గట్టు పొడవునా దీపాలు ఒకదాని తరువాత ఒకటి వెలిగాయి. బురుజు మీద నుంచి కావలి సత్తెయ్య లెక్క చూసుకుని అన్నీ ఉన్నాయని కొమ్ము ఊదాడు. ఎక్కడైనా దీపం ఆరితే ఆ ఇల్లు విడిచి వెళ్ళారని అర్థం. అన్ని గట్ల మీదా అదే పద్ధతి.

కార్తీక శుద్ధ నవమి

ఇవాళ పోటీ లేదు. అయినా రాస్తున్నాను. ఈ పేజీ పరిషత్తుకి పంపే ప్రతిలో ఎక్కించను.

దీపం దగ్గర కూర్చుని రోజూలాగే పేర్లు చదువుతుంటే తరళ వచ్చి గడప అవతల నిలబడింది. నేను ముగించే వరకు ఆగి, "పెద్దమ్మా, మీరు రోజూ చదివేవి దేవుడి పేర్లు కావు కదా," అంది.

"ఎందుకలా అడుగుతున్నావు?"

"చిన్న కామేశ్వరి, పెద్ద కామేశ్వరి, నత్తి సోమయ్య అని దేవుళ్ళు లేరుగా. చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నలభై పేర్లు. చివర ఒకసారి ఊరికే ఆగుతారు."

మా ఆయన గంగరాజు అప్పటికే లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను ఆ పేర్లు చదివే వేళకి ఆయన ఎప్పుడూ ఇంట్లో ఉండరు.

ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఆ పిల్లకి చెప్పాను.

మాది అసలు నాలుగో గట్టు. మా ఆయన అక్కడ లాకు కాపలా ఉండేవారు. పంతొమ్మిదేళ్ళ కిందట సముద్రం పోటెక్కినప్పుడు, లాకు తలుపులు ఎత్తి నీటిని మా గట్టు మీదకి వదిలితే తప్ప మెట్ట నిలవదన్నారు. ఇళ్ళన్నీ ఖాళీ చేయించమన్నారు. ఖాళీ చేసినవాళ్ళు దీపం ఆర్పి పడవ ఎక్కాలి. దీపాలన్నీ ఆరాక మా ఆయన తలుపులు ఎత్తాలి. అదీ ఆజ్ఞ.

ఓలేటి వారి వరసలో తొమ్మిది ఇళ్ళు. అందరూ ఒకే ఇంటిపేరు వాళ్ళు. ఐదు రోజుల కిందటే వాళ్ళ పెద్దాయన పోయాడు. వరసంతా మైల. గడపల్లో దీపాలు లేవు. వాళ్ళ పడవ ఆలస్యమైంది. చీకట్లోనే మూటలు కట్టుకుని కూర్చున్నారు.

మా ఆయన లాకు మీద నుంచి చూశారు. ఆ వరస చీకటిగా ఉంది. తక్కిన దీపాలూ ఆరాయి. ఎత్తారు.

నేను చివరి పడవలో ఉన్నాను. ఆ చీకటి వరస నాకూ కనిపించింది. నాకు తెలుసు, అది మైల చీకటని. పక్కన కూర్చున్నావిడతో, "ఓలేటి వారిది మైల కదండీ," అన్నాను. "వాళ్ళెప్పుడో ఎక్కేసి ఉంటార్లే," అంది ఆవిడ. నేను ఊరుకున్నాను. పడవకీ లాకుకీ మధ్య వంద బారలు కూడా లేదు. కేక వేస్తే వినపడేది. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఆడపిల్ల గొంతు గడప దాటకూడదనేవారు. నాది ఎప్పుడూ దాటలేదు. అత్తగారు అందరి దగ్గరా మెచ్చుకునేవారు కూడా.

నలభై ఒక్క మంది. చివరివాడు పదకొండు రోజుల బిడ్డ. మైలలో బారసాల చెయ్యకూడదు కనుక పేరు పెట్టలేదు. నేను ఆగేది అక్కడే.

మూడో రోజు పరిషత్తువాళ్ళు కాగితం తెచ్చారు. దీపాలన్నీ ఆరి ఉన్నాయి గనుక ఇళ్ళన్నీ ఖాళీ, ప్రాణనష్టం సున్నా అని ఉంది. మా ఆయన వేలిముద్ర వేశారు. సాక్షి కింద నేను వేశాను. అప్పుడు నా వేళ్ళకి గీతలుండేవి. ఆ మర్నాడు తొమ్మిదో గట్టు మీద ఈ ఇల్లు ఇచ్చారు. ఆ నెలాఖరుకే, దీపం లేని ఇంటిని మూడుసార్లు పిలవాలని కొత్త నియమం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎక్కడా రాయలేదు.

తరళ గడప అవతలే కూర్చుంది. తరువాత నెమ్మదిగా అడిగింది.

"పోటీలో నాలుగో గట్టు ప్రశ్న వస్తే ఏం చెప్పను? పుస్తకంలో సున్నా అని ఉంది."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "నిజం చెప్పు తల్లీ. దేవుడు చూస్తాడు."

"దేవుడి సంగతేమో గానీ మీరు చూస్తుంటారుగా," అంది నవ్వుతూ. "కళ్ళారా చూసిన చూపరి ఎవరైనా నిమిషంలోపు ఆక్షేపణ చెప్పొచ్చట. పరిషత్తు ఒప్పుకుంటే మార్కు నాదే."

"ఒప్పుకోకపోతే చెప్పినవాళ్ళు ఇల్లు వదిలి గట్టు దిగాలి," అనబోయాను. అనలేదు. ఆ ప్రశ్న రాదులే అనుకున్నాను.

కార్తీక శుద్ధ ఏకాదశి
పోటీ వివరం

తరళ గెలవాలని ఉపవాసం ఉన్నాను. ఉపవాసం అందరూ ఉండేదే కనుక, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా మౌనవ్రతం కూడా పట్టాను. దేవుడికి ఇవ్వడానికి నా దగ్గర అంతకంటే ఏమీ లేదు.

మధ్యాహ్నం మూడింటికి హాల్లో అరవై మంది దాకా చేరారు. తెర మీద ఉప్పు మచ్చలు. నాగరత్నం ముందు వరసలో కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటోంది. మా ఆయన తలుపు దగ్గర కూర్చున్నారు. నేను స్తంభం పక్కన. ఆ స్తంభానికే ఆక్షేపణ చెప్పే మైకు ఉంది. నాకు ఐదడుగుల దూరం.

తెర మీద రెండు బల్లలు. ఒకవైపు మా తరళ, వాళ్ళమ్మ పాత చీర అంచుతో కుట్టిన జాకెట్టులో. ఇంకోవైపు మెట్ట కుర్రాడు ఇందుశేఖర్, కళ్ళజోడు. మధ్యలో ప్రశ్నకర్త, చాలా మర్యాదగా మాట్లాడే మనిషి.

"ఆ పిల్లాడి ముందు చూడండి, నీళ్ళ గ్లాసు నిండుగా పెట్టారు," అంది వెనకాల కనకమాలక్ష్మి. "మన పిల్ల ముందు సగమే."

"గట్టుపిల్ల కదే, అలవాటుండదని," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

మొదటి పది ప్రశ్నలూ లెక్కలు, మొక్కలు, నక్షత్రాలు. కుర్రాడు ఆరు చెప్పాడు. తరళ నాలుగు. నాగరత్నం కళ్ళు మూసుకుంది. తరువాత గట్ల చరిత్ర మొదలైంది. పిల్ల నిలదొక్కుకుంది. మొదటి గట్టు పొడవెంత, లాకు తలుపు దేనితో చేస్తారు, ఉప్పు నేలలో మొలిచిన మొదటి వరి ఏది, వీటన్నిటికీ ముందు గంట తనే కొట్టింది. దీపం లేని ఇంటిని ఎన్నిసార్లు పిలవాలన్నది కూడా వచ్చింది.

"మూడుసార్లండి," అంది గంట మోగడం ఆగకముందే.

"ఇది మా గట్టు మీద కుక్కల్ని అడిగినా చెబుతాయి," అంది కనకమాలక్ష్మి.

మధ్యలో కుర్రాడూ ఐదు చెప్పాడు. ఇద్దరికీ పదకొండేసి మార్కులు. ఒక్క ప్రశ్న మిగిలింది.

ప్రశ్నకర్త కాగితం చూసి చదివాడు. "నాలుగో గట్టు లాకు ఎత్తిన రోజున ఎన్ని ప్రాణాలు పోయాయి?"

తరళ గంట కొట్టింది. కొట్టి, వెంటనే చెప్పలేదు. తెర లోంచి తిన్నగా మా హాల్లోకి చూసినట్టు చూసింది. అక్కడ తన ముందున్నది కెమెరా ఒక్కటే అని నాకు తెలుసు.

"నలభై ఒకటి," అంది.

ప్రశ్నకర్త తల పక్కకి వంచాడు. "పట్టిక ప్రకారం చెప్పమ్మా. తొందరపడకు."

"పట్టికలో సున్నా అని ఉందండి. పోయింది మాత్రం నలభై ఒక్క మందండి."

"ఈ పోటీ పట్టిక ప్రకారమే కదమ్మా."

"మరి దీపం లేని ఇంటిని మూడుసార్లు పిలవాలన్న నియమం ఆ నెలలోనే ఎందుకు వచ్చిందండి?"

"ఇక్కడ ప్రశ్నలడిగేది నేను," అన్నాడు ఆయన చిరునవ్వుతో. అక్కడ కూర్చున్న మెట్టవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వు ఆగేదాకా ఉండి, నియమం ప్రకారం చెప్పాల్సిన మాట చెప్పాడు. "చూపరుల్లో ఆనాడు కళ్ళారా చూసినవారు ఎవరైనా ఉంటే ఆక్షేపణ చెప్పవచ్చు. ఒక్క నిమిషం."

తెర మూలన అరవై కనిపించింది. యాభై తొమ్మిది అయింది.

నేను మైకు వైపు చూశాను. దానికి చిన్న ఎర్ర దీపం వెలిగింది.

"తాయారమ్మగారూ, మీరు నాలుగో గట్టువారే కదా?" అంది కనకమాలక్ష్మి. అరవై తలలూ నా వైపు తిరిగాయి. నాగరత్నం తల చివర తిరిగింది. "వదినగారూ, మీకేమైనా తెలుసా?" అంది.

నేను వేలు పెదవుల మీద పెట్టి చూపించాను.

"ఆవిడకి మౌనం కదా ఇవాళ," అన్నారెవరో. "పాపం, మన పిల్ల కోసమే పట్టారు."

మా ఆయన తన అరచేతులు చూసుకుంటున్నారు. లాకు చక్రం తిప్పిన చేతులవి. ముప్పై ఎనిమిది దగ్గర లేచారు. మైకు దగ్గరికి వస్తారనుకున్నాను. రావాలనుకున్నానో రాకూడదనుకున్నానో ఇప్పుడు కూడా చెప్పలేను. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

తరళ తెర లోంచి చూస్తూనే ఉంది. పదిహేను దగ్గర మొదటిసారి రెప్ప వేసింది. ఐదు దగ్గర తల దించుకుంది.

సున్నా అయింది. ప్రశ్న ఇందుశేఖర్‌కి వెళ్ళింది. ఆ కుర్రాడు తరళ వైపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"సున్నా," అన్నాడు బల్లని చూస్తూ.

సరైన జవాబు. పన్నెండు పదకొండు. అతనికి దండ వేశారు.

ఇంతవరకు పోటీ వివరం. కింద రాసేది వివరం కాదు.

వ్రతం చెడుతుందని మాట్లాడలేదని హాల్లో అందరూ అనుకున్నారు. ఇంటికొస్తూ నేనూ అలాగే అనుకోవాలని చూశాను. సూర్యుడు దిగాక దీపం పెట్టి కూర్చుంటే అది నిలవలేదు. ఆ నిమిషంలో నాకు దేవుడు గుర్తుకు రాలేదు. ఈ ఇల్లు గుర్తొచ్చింది. ఈ గోడలు, తులసి డబ్బా, నీళ్ళ బాన గుర్తొచ్చాయి. కాగితం మీద నా వేలిముద్ర గుర్తొచ్చింది. అడ్డం పెట్టుకోవడానికి వ్రతం చేతికి దొరికింది.

కార్తీక శుద్ధ ద్వాదశి

తెల్లవారగానే పడవ వచ్చింది. తరళ ఇంటికి వెళ్ళకుండా తిన్నగా పలకల దగ్గరికే వచ్చింది. ప్రయాణం బట్టల్లోనే గుడ్డ అందుకుంది.

నాగరత్నం వెనకాలే వచ్చింది. "పుస్తకంలో ఉన్న ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదే. ఎవరు చెప్పారే నీకా నలభై ఒకటి?"

"ఎవరూ చెప్పలేదు," అంది తరళ తుడుస్తూనే.

"ఎవరూ చెప్పకపోతే కలొచ్చిందా?"

"కలొచ్చిందనుకో."

నాగరత్నం నా వైపు తిరిగింది. "చూశారా వదినగారూ దీని పొగరు. మీరు అన్ని రోజులు కూర్చోబెట్టి చదివించారు. ఉపవాసాలున్నారు. మీ శ్రమంతా బూడిదలో పోసింది." ఏడుస్తూ వెళ్ళిపోయింది.

ఇద్దరమే మిగిలాం. ఎండ ఎక్కుతోంది.

"మీరు నాతో చెప్పింది అబద్ధమా పెద్దమ్మా?"

"కాదు."

"మరి నిమిషమిచ్చారుగా."

"వ్రతంలో ఉన్నాను తల్లీ," అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా అన్నాను.

"వ్రతం ఎవరి కోసం?"

"నీ కోసమే."

"నా కోసం పట్టినది నా కోసం విడిచిపెట్టాల్సింది."

గట్టిగా అనలేదు. నాలాగే నెమ్మదిగా అంది. తరువాత పక్క వరసకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా అక్కడే తుడిచింది.

ఇవాళ సాయంత్రం తులసి పూజ. ఏడాదిలో ఏ రోజు మానినా ఈ రోజు దీపం మానకూడదు. ఒత్తులు చేశాను. ప్రమిదలో నూనె పోశాను. గట్టు మీద దీపాలు వెలుగుతున్నాయి. పక్కింటి గడప మాత్రం చీకటిగా ఉంది. వెళ్ళి చూస్తే నాగరత్నం మెట్టు మీద కూర్చుని ఉంది.

"వెలిగించనివ్వడం లేదండీ ఇది. మైల అంటుంది. ఎవరి మైలే అంటే నోరు తెరవదు. అగ్గిపెట్టె పట్టుకెళ్ళి లోపల కూర్చుంది."



తిరిగి వచ్చేసరికి మా ఆయన ప్రమిద దగ్గర వంగి, అగ్గిపుల్ల గీయబోతున్నారు. నేను ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"ఇవాళ వద్దండి."

"ద్వాదశి కదా తాయారూ."

"ఓలేటి వారిది మైల కదండీ," అన్నాను.

పంతొమ్మిదేళ్ళ కిందట పడవలో అన్న మాటే. ఈసారి వినాల్సిన మనిషితో అన్నాను. ఆయన నా మొహం చూశారు. గడపలో కూర్చున్నారు. ఇవాళ బయటికి వెళ్ళలేదు.

బురుజు మీద కొమ్ము మోగలేదు. సత్తెయ్య మైకులో పిలిచాడు. "పదహారో ఇల్లు. ఖాళీయా?"

"ఉన్నాం," అంది తరళ లోపలి నుంచి. మొదటి పిలుపుకే.

"పదిహేడో ఇల్లు. ఖాళీయా?"

నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

"పదిహేడో ఇల్లు. ఖాళీయా?"

గట్టు మీద జనం గడపల్లోకి వచ్చి చూస్తున్నారు. మా ఇల్లు చీకటిగా ఉండటం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"పదిహేడో ఇల్లు. మూడోసారి. ఖాళీయా?"

"ఖాళీ కాదు," అని అరిచాను. "మనుషులున్నారు."

నా గొంతేనా అనిపించింది. మా ఆయన ఉలిక్కిపడి చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. తరళ గుమ్మంలోకి వచ్చింది.

సత్తెయ్య గొంతు తగ్గించాడు. "ఉంటే దీపం పెట్టుకోవాలి కదమ్మా. పండగపూట."

"మైల."

"ఎవరు పోయారు?"

"నాలుగో గట్టు ఓలేటి వారు. నలభై ఒక్క మంది."

గట్టు మీద ఎవరో అయ్యో అన్నారు. మైకులో గాలి చప్పుడు వినిపించింది.

"పట్టికలో లేరమ్మా," అన్నాడు.

"లేరు."

"మీకేమవుతారు?"

"ఏమీ కారు. మైల పట్టడానికి వాళ్ళకి వాళ్ళవాళ్ళెవరూ మిగల్లేదు."

"ఎప్పుడు పోయారు?"

"పంతొమ్మిదేళ్ళయింది."

"మైల పది రోజులే కదమ్మా."

"ఇంకా మొదలు పెట్టలేదు సత్తెయ్యా. ఇవాళ మొదటిరోజు."

సత్తెయ్య మళ్ళీ అడగలేదు. ఏదో రాసుకుని ఉంటాడు. ఖాళీ అని రాశాడో, మైల అని రాశాడో ఎల్లుండి సాయంత్రానికి తెలుస్తుంది. తరళ నా వైపు రాలేదు. గుమ్మంలోంచి ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. రేపు పొద్దున్న ఐదింటికి ఆ పిల్ల గుడ్డ పట్టుకుని పలకల దగ్గర ఉంటుంది. నా అరుపు దాన్ని మార్చలేదు. ఒక రోజు ముందు అరిచి ఉంటే మారేది.

నవమినాటి పేజీ దాచనని, పుస్తకం మొత్తం పంపుతున్నానని మా ఆయనతో చెప్పాను. లాకు ఎత్తింది ఎవరో అందులో ఉందని కూడా చెప్పాను. "ఉండనీ," అన్నారు.

దీపం లేదు కనుక ఇదంతా తడుముకుంటూ రాశాను. అక్షరాలు గుండ్రంగా రాలేదు. చదివేవారెవరైనా ఉంటే సర్దుకోవాలి.